బట్టీ దుమ్ము గురించి అడిగిన పెద్దాయన

పెద్దాయన పోయారన్న కబురు ఆయన భార్యే నాకు ఫోన్ చేసి చెప్పారు. నరసరావుపేట కోర్టు ఎదురుగా నా టైపింగ్ షాపులో ఎవరిదో అఫిడవిట్ సగం కొట్టి ఉన్నాను. "అబ్బాయ్, మీ సారు ఇందాకే వెళ్లిపోయారు. కంగారు పడమాక. చేతిలో పని ముగించుకునే రా. సగంలో వదిలేసి వస్తే ఆయనకి కోపమొచ్చిద్ది" అన్నారు. ఆవిణ్ణి నేను అమ్మా అని పిలుస్తాను. ఆవిడ చెప్పినట్టే ఆ అఫిడవిట్ పూర్తి చేశాను. అందులో ఎన్ని తప్పులు దొర్లాయో తెలియదు. వకీలుగారు నా మొహం చూసి, తప్పులు తనే పెన్నుతో దిద్దుకున్నారు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున చిన్న వార్త వచ్చింది. మాజీ ఎమ్మెల్సీ కన్నుమూత అని. కార్మికుల పక్షపాతి అని ఒక ముక్క, పలువురు సంతాపం తెలిపారని ఇంకో ముక్క. ఆ పలువురిలో సగం మంది, ఆయన మండలిలో మాట్లాడటానికి లేస్తే టీ తాగటానికి లేచినవాళ్లే. ఇప్పుడవన్నీ ఎందుకులే అనుకుంటూనే రాస్తున్నాను. నిజానికి రాసే ఓపిక కూడా లేదు. రాయకపోతే ఆ చిన్న వార్తే మిగిలిపోతుందని రాస్తున్నాను.

పెద్దాయన పుట్టుకతో నాయకుడు కాదు. పిడుగురాళ్లలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చాలాకాలం కాంపౌండరుగా చేశారు. సున్నం బట్టీల్లో పనిచేసేవాళ్లు, రాళ్ల క్వారీల వాళ్లు దగ్గుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్లు. "సీసాల్లో దగ్గుమందు పోసీ పోసీ విసుగొచ్చింది అబ్బాయ్. మందు తాగేవాడికి కాదు, దుమ్ము లేపేవాడికి చెప్పాలనిపించింది" అనేవారు. అలా కార్మిక సంఘంలోకి వెళ్లారు. తర్వాత పార్టీవాళ్లు ఏం ఆలోచించి ఇచ్చారో గాని శాసనమండలి సీటు ఇచ్చారు. గెలిచాక కూడా పేట నుంచి ఆర్టీసీ బస్సులోనే తిరిగేవారు. కారు ఎందుకు కొనరని అడిగితే బస్సులో అయితే ఎవరో ఒకరు తిట్టటానికి దొరుకుతారు అనేవారు.

ఆయన ప్రశ్నలూ ప్రసంగాలూ టైపు చేసింది నేను. ప్రింటర్ పక్కన స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుని చెప్పేవారు. చెప్పినదాన్ని ప్రింటు తీసుకుని నేరుగా అమరావతి వెళ్లేవారు కాదు. ముందు పిడుగురాళ్ల వెళ్లి, బట్టీ దగ్గర టీ తాగే వేళకు ఆడవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. ఎక్కడ వాళ్ల చూపు పక్కకు పోయిందో అక్కడ పెన్నుతో గీత పెట్టేవారు. మళ్లీ నా దగ్గరకొచ్చి ఆ వాక్యాలు మార్పించేవారు. నేను అందంగా ఉంటాయని చేర్చిన మాటలన్నీ ఆ గీతల కిందే పోయేవి. నాకు ఒళ్లు మండేది. "వాళ్ల కష్టం వాళ్లకే అర్థం కాకుండా చెబితే మంత్రిగారికి ఎట్టా అర్థమయ్యిద్దిరా?" అని నవ్వేవారు.

మంత్రులకు మాత్రం ఎలా చెప్పినా ఒకటే. రాళ్ల దుమ్ము వల్ల కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బు వస్తున్న మాట వాస్తవమేనా అని అడిగితే "లేదండి" అని జవాబు. అయితే నష్టపరిహారం వివరాలేమిటి అంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు". పేషీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగేవారు. వైద్యశాఖవాళ్లు కార్మికశాఖ అనేవాళ్లు, కార్మికశాఖవాళ్లు గనులశాఖ అనేవాళ్లు, గనులశాఖవాళ్లు జబ్బుల సంగతి మాకెందుకండీ అనేవాళ్లు. ఇంట్లో అమ్మ బీపీ మాత్ర వేసుకున్నారా అంటే పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చుని "లేదండి" అనేవారు. భోజనం చేసి వేసుకుంటారా అంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనేవారు. ఆవిడ గరిటె ఎత్తేవారు.

ఆ జబ్బు సంగతి నాకు వేరే చెప్పక్కర్లేదు. మా అన్న ఆ బట్టీల్లోనే పనిచేసి దగ్గుతో పోయాడు. ఆసుపత్రి కాగితంలో టీబీ అని రాశారు. టీబీ మందులు మింగుతూనే పోయాడు. దుమ్ము జబ్బు అని ఎవరూ రాయలేదు, రాస్తే ఎవరో ఒకరు బాధ్యులవ్వాలి కదా. మా వదిన ఆ తర్వాత కూడా అదే బట్టీలో సున్నం రాళ్లు ఏరి, గంపలతో లారీకి ఎత్తే పనిలోనే ఉంది. వేరే పని ఎక్కడుంది?

పెద్దాయనకు తగిలిన పెద్ద దెబ్బ ఒకటి చెప్పాలి. పని దిగేటప్పుడు బట్టీ గుమాస్తా తలా ఒక బెల్లం ముక్క ఇస్తాడు. బెల్లం తింటే దుమ్ము కడుపులోకి దిగిపోతుందని అందరి నమ్మకం. తాతల నాటి నుంచి ఉంది. పెద్దాయన మండలిలో లేచి, "అధ్యక్షా, బెల్లం గొంతును తడుపుతుందేమో గాని ఊపిరితిత్తుల్లో దుమ్మును కడగదు. బెల్లం చేతిలో పెట్టి యజమానులు చేతులు దులుపుకుంటున్నారు. మూతికి మంచి మాస్కులు ఇవ్వాలి, రాయి మీద నీళ్లు చల్లించాలి, ఏడాదికొకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి" అన్నారు. బాగా మాట్లాడారు. టైపు చేసిన నాకే గర్వంగా అనిపించింది. బట్టీ ఆడవాళ్లకు వినిపించకుండా వెళ్లిన ప్రసంగం అదొక్కటే. ఆ రోజు బస్సుకు టైమైపోయింది.

పేపర్లో బెల్లం వల్ల ఉపయోగం లేదన్నంత వరకే వేశారు. ఆ వారమే బట్టీల్లో బెల్లం ఆగిపోయింది. అడిగినవాళ్లకు గుమాస్తా "మీ ఎమ్మెల్సీగారే వద్దన్నారుగా" అన్నాడు. మాస్కులు రాలేదు, నీళ్లు రాలేదు, ఎక్స్‌రే రాలేదు. ఉన్న బెల్లం పోయింది.

పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని బట్టీకి వెళ్లారు. గంప దించి మొదట ఎదురొచ్చింది మా వదినే. నన్ను చూసి కూడా ఆగలేదు.

"ఏంది పెద్దాయనా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు అన్నట్టుంది నీ యవ్వారం. పొద్దుగూకులూ నోట్లో సున్నం కొట్టుకుని, దిగేటప్పుడు ఆ కాస్త తీపి తగిలితే ప్రాణం లేచొచ్చేది. దాన్నీ ఊడగొడితివి. నీకేం పోయింది?"

నేను అడ్డం పడబోయాను. ఆయన చెయ్యి పట్టి ఆపారు. "నిజమేనమ్మా. తప్పు నాదే. రావాల్సింది గడప తొక్కిందో లేదో చూసుకోకుండా ఉన్నదాన్ని తీసేయమన్నాను" అన్నారు.

తర్వాత ఆయన చేసిన పని ఏ రికార్డులోనూ ఉండదు. ఒక్కో బట్టీ యజమాని దగ్గరకూ వెళ్లి బెల్లం మళ్లీ ఇవ్వమని బతిమాలారు. మండలిలో తాను తిట్టిన మనుషుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. బెల్లం మళ్లీ వచ్చింది. నాకు మాత్రం ఆ నవ్వులు ఇప్పటికీ మింగుడు పడవు.

ఎన్నో సమావేశాల తర్వాత ఒక మంత్రి, విసుగొచ్చో జాలేసో గాని, బట్టీల దగ్గరకు ఎక్స్‌రే బండి పంపిస్తామని సభలో హామీ ఇచ్చారు. బండి నిజంగానే వచ్చింది. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు వెళ్లారు. సాయంత్రం నా షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"ఒక్కరు కూడా ఎక్కలేదు అబ్బాయ్. గుమాస్తా బండి పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎవరెక్కుతారు? ఫొటోలో మచ్చ కనపడితే రేపటి నుంచి పన్లోకి రావద్దంటారు. నేను మళ్లీ అదే తప్పు చేశా. జబ్బు చూపించమన్నా గాని, జబ్బు బయటపడ్డవాళ్ల కూడు సంగతి అడగలా."

ఆయన చివరి ప్రసంగం దాని గురించే. నేను టైపు చేసినవాటిలో అన్నిటికంటే చిన్నది. ఎక్స్‌రే ఫలితం కార్మికుడి చేతికే ఇవ్వాలి, యజమానికి కాదు. జబ్బు తేలినవాళ్లకు దుమ్ము లేని పని అదే చోట చూపించాలి. పని పోతుందన్న భయం ఉన్నంతకాలం ఆరోగ్యం గురించి మనం ఎన్ని చట్టాలు చేసినా అవి బండి మెట్ల దగ్గరే ఆగిపోతాయి అన్నారు. మంత్రిగారు పరిశీలిస్తామన్నారు. పదవీకాలం అయిపోయింది. మాజీ అయ్యాక సచివాలయం గేటు దగ్గర పేరు చెప్పి నిలబడాల్సి వచ్చేది. నిలబడేవారు. కాళ్లు వాచిన తర్వాత కూడా నిలబడేవారు.

ఆఖరిసారి చూసినప్పుడు మంచం మీద ఉన్నారు. మాట్లాడితే అలసట. నన్ను చూడగానే, "బండి మళ్లీ వచ్చిందా?" అని అడిగారు. లేదన్నాను. "మీ వదిన దగ్గు ఎట్టా ఉంది?" అన్నారు. మా అన్న దగ్గులాగే ఉందని చెప్పలేక, ఉందండీ అలాగే అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. తెరవకుండానే, "చానా మాట్లాడా గదరా. ఒక్కరి ఊపిరన్నా నిలబెట్టానంటావా?" అన్నారు. నేను మంచం పక్కనున్న మాత్రల డబ్బా సర్దుతూ కూర్చున్నాను. అబద్ధం చెబితే కనిపెట్టే మనిషి ఆయన.

పెద్దకర్మ రోజున ఎవరో వచ్చి, మండలిలో సంతాప తీర్మానం పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారని చెప్పారు. అమ్మ అన్నం వడ్డిస్తూనే "ఆయన మాట్లాడినప్పుడు కూడా అదేగా పాటించింది" అన్నారు. వచ్చినాయన తల దించుకుని తిన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బండి వచ్చింది. ఎవరు పంపారో, ఏ ఫైలు ఎక్కడ కదిలిందో తెలియదు. నేను షాపు మూసి పిడుగురాళ్ల వెళ్లాను. బండి ఒకపక్క, ఆడవాళ్లంతా ఇంకోపక్క. గుమాస్తా తన జాగాలో తాను నిలబడే ఉన్నాడు. ఫలితం ఎవరి చేతికిస్తారని బండిలో కుర్రాణ్ణి అడిగితే, మాకు ఆర్డరేమీ లేదు సార్ అన్నాడు.

వదిన దగ్గరకెళ్లి ఎక్కమన్నాను. పెద్దాయన కోసమైనా ఎక్కమన్నాను.

"ఆయన కోసం ఎక్కితే రేపు పని ఇచ్చేది ఆయనా? నువ్వా?" అంది. కోపంగా కూడా అనలేదు. అలసిపోయి అంది. దగ్గొచ్చి కాసేపు గంప పట్టుకుని వంగిపోయింది.

ఇన్నేళ్లూ మండలికి కూడా లేని జవాబు నా దగ్గర ఎక్కణ్ణించి వస్తుంది?

వదిన లేచి మూతి తుడుచుకుంది. గుమాస్తా వైపు చూసింది. మిగతా ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఒక్కదాన్ని ఎక్కితే నన్నే గుర్తుపెట్టుకుంటాడు. అందరం ఎక్కుదాం పదండే. అందర్నీ తీసేస్తే లోడెవరు ఎత్తుతారు? ఈయనెత్తుతాడా?"

ముందు ఒక ముసలామె తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ కట్టుకుని వచ్చి వదిన వెనక నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె. చూస్తుండగానే బండి నుంచి బట్టీ దాకా వరుస సాగింది. గుమాస్తా ఫోన్ తీసి ఎవరికో చేయబోయి, ఏం చెప్పాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు.

వదిన మెట్లెక్కి లోపలికి వెళ్లింది. తలుపు సగం తెరిచే ఉంది. పలక మీద ఛాతీ ఆనించి నిలబడింది. "గాలి పీల్చి బిగపట్టమ్మా" అన్నాడు కుర్రాడు. పీల్చింది. బిగపట్టలేకపోయింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మళ్లీ పీల్చింది, మళ్లీ దగ్గే. "పర్లేదమ్మా, నిదానంగా. తగ్గినాక చెప్పు" అని అతను స్విచ్ మీద వేలు పెట్టుకుని ఆగాడు. బయట ఎండలో, సున్నంతో తెల్లబడిన ఆ వరుసలో ఎవరూ తొందరపెట్టలేదు.