అక్క ఇంటి దగ్గర వంపు

నగర ప్రణాళికా కార్యాలయంలో ఆయన్ను అందరూ స్కేలు బాబాయి అనేవారు. పటాలు గీయడం ఆయన ఉద్యోగం. స్కేలు లేకుండా గీత గీయడనీ, చచ్చినా అబద్ధం ఆడడనీ పేరు. అందుకే ఆయన జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అంతకాలం నిలబడింది.

ఆ ఊరికి పెద్ద మసీదే ప్రాణం. ఏటా లక్షలమంది యాత్రికులు వస్తారు. వాళ్లకోసం బస్టాండు నుంచి మసీదు దాకా విశాలమైన నడకదారి, అటూ ఇటూ వసతి భవనాలు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోడానికి కుళాయిలు, ఎండకు పందిళ్లు కట్టాలని పెద్ద సంకల్పం. అది కాగితం దిగి నేలమీద కాలు మోపడానికి ఏళ్లు పట్టింది. వచ్చిన ప్రతి పెద్ద ఇంజనీరూ పాత ప్రణాళిక పనికిరాదని కొత్తది వేయించేవాడు. కొత్తదంటే మరేం కాదు, పాత పటం మీద పలచటి కాగితం పరిచి మళ్లీ దిద్దడం. దిద్దేది బాబాయే.

మొట్టమొదటి పటంలో నడకదారి బాణంలా వచ్చి, గుట్ట వాలులో ఉన్న ఆయన అక్క ఇంట్లోంచి దూసుకుపోయింది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆ అక్కే. భర్త పోయాక ఆమె కింది గదులు యాత్రికులకు అద్దెకిచ్చి, తాను మూడో అంతస్తులో ఉంటోంది. బాబాయికి చెయ్యి ఆడలేదు. అక్కడ దారిని కాస్త పక్కకు వంచాడు. అటువైపున్నది పాడుబడ్డ ప్రభుత్వ గోదాము, ఎవరి ఉసురూ తగలదు.

"ఈ వంకరేంటయ్యా?" అన్నాడు అప్పటి ఇంజనీరు.

"కింద పెద్ద బండ ఉందండీ. తవ్వలేం."

గుట్ట ఎక్కి చూసే ఓపిక ఇంజనీరుకు లేదు. సంతకం పెట్టేశాడు. తర్వాతివాళ్లు ముందువాళ్లు చూసే ఉంటారనుకున్నారు. అలా లేని బండ ఏటేటా గట్టిపడింది.

చివరికి పనులు మొదలై, అక్క ఉండే సందు మొగలో ఇళ్లు కూల్చేసరికి, ఆమె ఇల్లు దక్కిందని బాబాయి గుండె పొంగింది. అక్క ఇంటికి మెట్లెక్కి వెళ్లి, ఆయాసం తీరకముందే చల్లగా చెప్పాడు. "నీ ఇంటికేం ఢోకా లేదక్కా. దారి వంచింది నేనే."

అక్క మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. చెయ్యి ఆగిపోయింది.

"నిన్నెవడు వంచమన్నాడ్రా?"

"అదేంటక్కా! ఇల్లు పోదూ?"

"పోతే పోనీ! సందు మొగలో వాళ్లందరికీ లిఫ్టున్న ఫ్లాట్లు ఇచ్చారు. ఆ మొదటింటావిడ మీట నొక్కి ఇంటికెళ్తోందట. నా వంతు ఎప్పుడొస్తుందా అని నేను నమాజు చేసి చేసి దువా అడుగుతుంటే, అడ్డం పడ్డది నువ్వా? ఒక్క మాట అడగొద్దూ?"

బాబాయికి అప్పుడు తట్టింది, అన్నేళ్లలో ఆ సంగతి అక్కను ఒక్కసారీ అడగలేదని.

ఉద్యోగం పోతే పోయిందని మర్నాడే కొత్త ఇంజనీరు గదిలోకి వెళ్లాడు. "అయ్యా, అక్కడ బండ లేదు. నేనే అబద్ధం చెప్పాను. దారి తిన్నగా వేయించండి."

ఇంజనీరు పకపకా నవ్వాడు. "బాబాయ్, ఆ వంపే మన ప్రణాళికకు అందం! జనం నడిచి నడిచి అలసిపోయి మలుపు తిరుగుతారు, ఒక్కసారిగా ఎదురుగా మినారు! పైవాళ్లు చూసి మురిసిపోయారు."

"కానీ బండ..."

"పైవాళ్లు ఆమోదించిన బండ అది. మీరిప్పుడు లేదంటే ఎలా? రిటైరయ్యే వయసులో అలాగే అనిపిస్తుంది. వెళ్లి టీ తాగండి."

నిజం చెప్పి నమ్మించలేకపోవడం బాబాయికి అదే మొదటిసారి. సాయంత్రం మళ్లీ మెట్లెక్కాడు. అంతా విని అక్క తిట్టలేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"మీ అపార్టుమెంటుకి లిఫ్టుందిగా?"

"ఉందక్కా."

"అయితే నేనక్కడికొస్తా. నువ్వూ నీ పెళ్లామూ ఇక్కడికి రండి. కాపాడుకున్నావుగా, కాపురముండు."

బాబాయి మెట్లు దిగాడు. ఇంటికెళ్లి చెబితే ఆయన భార్య, "వదిన అడిగినదాంట్లో తప్పేముంది? తప్పంతా మీదేగా" అని పెట్టె తీసి బట్టలు సర్దింది. సర్దుతూ ప్రతి చీరకూ ఒక చీవాటు పెట్టింది.

ఆ వారమే ఇళ్లు మారారు. నాలుగు రోజులకు అపార్టుమెంటు వాచ్‌మన్ ఫోను చేశాడు.

"సార్, మీ అక్కగారు పనేం లేకపోయినా లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతున్నారండీ. జనం గొడవ చేస్తున్నారు. కాస్త చెప్పండి."

"తిరగనీవయ్యా," అన్నాడు బాబాయి, నీళ్ల బిందె రెండో అంతస్తు మెట్ల మీద దించి రొప్పుతూ. "నేను అడ్డం పడను."