గుద్దిన బండికి నంబరుండకూడదు

ఇది మహాభారతమంత కథ. ఇందులో రథం ఉంది, నేలకూలిన వీరుడున్నాడు, తరాలనాటి పగ ఉంది, న్యాయం కోసం ఏళ్ల తరబడి సాగిన యుద్ధం ఉంది. అలా మొదలుపెడదామనే అనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే రథం సైకిలు, వీరుడు నేను. నేలకూలింది కూడా రోడ్డు పక్క గుంతలో, తలకిందులుగా. యుద్ధంలో ఎక్కువ భాగం నంద్యాలలో ఒక ఆఫీసు వరండాలో బల్ల మీద జరిగింది. కాలు చాపుకోవడానికి చోటు దొరికితే ఆ రోజు గెలిచినట్టు లెక్క.

ఎనభైల మొదట్లో మాట. నాకు అప్పుడప్పుడే ఇరవై నిండాయి. ఆళ్లగడ్డలో నాగలి కర్రుకు సాన పట్టించుకుని, పొద్దు గూకే వేళకు సైకిలు మీద మా ఊరికి వస్తున్నాను. వెనక నుంచి ఏదో వచ్చింది. ఏదో అనే అంటాను, నాకు వీపున కళ్లు లేవు కదా. తగిలింది, ఆగకుండా పోయింది. కుడి మోకాలి కింద ఎముక విరిగింది. కర్రుకు మాత్రం గీత కూడా పడలేదు, కమ్మరి సాన అంత బాగా పట్టాడు.

గుద్దింది ఏ బండో తెలియదు గానీ, ఆస్పత్రికి చేర్చింది మాత్రం బేతంచెర్ల నాపరాళ్లు దించి ఖాళీగా పోతున్న లారీ. నంద్యాలలో నా కాలికి ఇటుకలు కట్టి వేలాడదీశారు. అమ్మ ప్రతి ఆదివారం ప్రార్థన గుడిలో నిలబడి దేవుడు నన్నెలా కాపాడాడో సాక్ష్యం చెప్పేది. ఆ సాక్ష్యంలో నన్ను గుద్దిన బండి వారం వారం పెరుగుతూ వచ్చింది. నేను ఇంటికి చేరేనాటికి అది దాదాపు రైలు.

ఇంటికి వచ్చిన రోజు చూస్తే కొట్టంలో ఎర్రెద్దు ఒకటే ఉంది. తెల్లెద్దు కట్టే గుంజ ఖాళీ.

“నాయనా, తెల్లెద్దు యాడికి పోయింది?”

“నీ కాల్లోకి పోయింది” అన్నాడు నాయన.

ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు కూడా. జతలో ఒకటి అమ్మేస్తే మిగిలింది సగం జత కాదు, ఊరికే మేత తినే ఎద్దు. దానితో దున్నలేం, దాన్ని అమ్మనూ లేం. నాయనకు కావలసింది ఒక్కటే, రెండో ఎద్దు. మిగతా లోకమంతా దాని తర్వాతే.

అప్పుడే ఎవరో చెప్పారు, గుద్దిన బండి దొరకకపోతే సర్కారే ఎంతో కొంత ఇచ్చే చట్టం కొత్తగా వచ్చిందని. చంకలో కర్ర పెట్టుకుని, నాయన వెంట నంద్యాల పోయాను. ఆఫీసు ముందు టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే ఆయన, స్టేషన్లో రాసిన కేసు కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

“ఈడ బండి నంబరుంది కదప్పా. ఎవురిచ్చినారు?”

“మా ఊరి పెద్దాయన.”

“ఆయన చూసినాడా?”

“చూసినాడనే రాసినారు.”

“అయితే ఈ దుడ్లు రావు. గుద్దింది ఎవురో తెలీకుంటేనే సర్కారు ఇచ్చేది. తెలిస్తే ఆ బండాయన మీద కోర్టుకు పోవల్ల.”

“ఆ నంబరున్న జీపు ఆ పొద్దు ఈన్నే, నంద్యాలలోనే షెడ్డులో ఉండె. ఇంజను దించి పక్కన పెట్టినారు.”

“ఇంజను లేని జీపు నిన్నెట్ల గుద్దె?”

“నేనూ అదే అడుగుదామని వచ్చినా.”

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరికి ఏ దెబ్బ తగిలినా, స్టేషనుకు పోయే కాగితంలో గిట్టనివాడి పేరు ఒకటి ఎక్కిస్తారు. కూరలో ఉప్పేసినట్టు, అంత మామూలుగా. మా ఊరి పెద్దాయనకూ జీపున్నాయనకూ ఎప్పటినుంచో పడదు. ఎందుకు పడదో ఇద్దరూ మరిచిపోయారు, పడదన్నది మాత్రం మరవలేదు. నేను ఆస్పత్రిలో ఇటుకలు మోస్తుండగా పెద్దాయన నా మేలు కోరి స్టేషనుకు పోయి, ఆ జీపు నంబరు రాయించి వచ్చాడు. కేసు అక్కడే ఆగింది. గుద్దని జీపు మీద నడవదు. నంబరున్నంత కాలం మూతపడదు.

పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉండగా పోయి అడిగాను.

“నీ కోసరమే కదరా రాయించింది! ఆ పొద్దు నువ్వు నోరెత్తే స్థితిలో ఉంటివా?”

“లేను పెద్దనాయనా. ఆ నంబరొక్కటి మరిచిపోయినానని చెప్పు, చాలు.”

“నా మాట నేనే మింగితే ఊర్లో ఈ మీసం యాడ పెట్టుకోవల్ల?”

ఇప్పుడున్న చోటే పెట్టుకోవచ్చని నాకనిపించింది. పైకి అనలేదు. ఇంకో కాలు మిగిలి ఉంది కదా.

అక్కడి నుంచి జీపాయన దగ్గరికి పోయాను. ఆయన కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. గుద్దనివాడు ఇంత మర్యాద చేస్తే, గుద్దినవాడు ఏం చేసేవాడో అనుకున్నాను.

“అన్నా, నీ జీపు షెడ్డులో ఉందని మెకానిక్కు చేత రాయించి స్టేషన్లో ఇయ్యన్నా. నీ మీద కేసు పోతాది.”

“పోతే నాకేమొస్తాదిరా?”

“పేరు బాగుపడుతాదన్నా.”

“పేరు ఇప్పుడే బాగుంది. మొన్నటి దాకా నేనొస్తాంటే పక్కకు జరిగేటోడు లేడు. ఇప్పుడు నా జీపు మోత వింటే సైకిళ్లోళ్లు దిగి నిలబడతాండారు.” గొంతు తగ్గించాడు. “అయినా కొత్త జీపని అందరికీ చెప్పుకుంటిని. ఇంజను దించినారని నా నోటితో నన్నే చెప్పమంటావా?”

ఒకాయనకు తన అబద్ధం ముద్దు, ఇంకొకాయనకు తన మీది నింద ముద్దు. ఎముక మాత్రం నాది. ఆ టీ తాగి ఇంటికొచ్చి పడుకున్నాను. చాలా రోజులు అదే పని చేశాను. పట్టుదల అనే వస్తువు నాలో ఎంత తక్కువుందో అప్పుడే తెలిసింది.

తొలి వానలు పడ్డాయి. ఊరంతా కాడి కట్టింది. నాయన తెల్లవారగానే పోయి పెద్దాయన వాకిట్లో నిలబడ్డాడు.

“అప్పా, ఎద్దును ఇయ్యి. మాది ఒంటిది.”

మీ కోసమే కేసు పెట్టించానని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఎద్దును ఇవ్వనని ఎలా అంటాడు? ఇచ్చాడు. మరునాడూ నాయన నిలబడ్డాడు. ఆ మరునాడు కూడా. ఆయన చేను బీడుగా ఉంది, ఆయన ఎద్దు మా చేలో ఉంది. నాయనకు కోపం లేదు, వ్యంగ్యం లేదు. నిజంగానే ఎద్దు కావాలి. అందుకే అది అంత బాగా పనిచేసింది. ఆ ఉపాయం నాకు తట్టి ఉంటే, మొదటి రోజే నవ్వి చెడగొట్టేవాణ్ణి.

ఒక పొద్దున పెద్దాయన భార్య బయటికొచ్చింది. నేను వెనకాల కర్ర మీద ఆనుకుని ఉన్నాను.

“ఏందప్పా, మళ్లీ వచ్చినావా? నీకు రెండో ఎద్దు ఎప్పుడొస్తాది?”

“అబ్బోనికి సర్కారు దుడ్లు వస్తే తెచ్చుకుంటామమ్మా.”

“అవి ఎప్పుడొస్తాయి?”

నాయన పెద్దాయన వైపు చూడలేదు. ఎద్దు మెడ నిమురుతూ, “అప్ప ఆ బండి నంబరు మరిచిపోతే” అన్నాడు.

“చూసింటే కదా మరిచిపోయేకి!” అని ఆమె మొగుడి వైపు తిరిగింది. “ఆ పొద్దు నువ్వు నంద్యాలలో పన్ను పీకించుకుంటివి. నోట్లో దూది పెట్టుకుని బస్సులో పడి వస్తివి. గంజి పోసింది నేను కాదా?”

“నువ్వు లోపలికి పో.”

“పోతా. ఎద్దును గూడా తోలుకోని పోతా. కాడి కింద నువ్వు నిలబడు.”

నా కేసులో కళ్లారా చూసిన ఏకైక సాక్షి, చూసే సమయానికి పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉన్నాడన్న మాట. ఆ వారంలోనే పెద్దాయన స్టేషనుకు పోయి, దుమ్ములో నంబరు సరిగ్గా కనబడలేదని రాయించాడు. పన్ను సంగతి ఎవరూ రాయలేదు. బండి ఏదో తెలియదని కేసు మూశారు. నింద పోయినందుకు జీపాయన నాతో మాట్లాడడం మానేశాడు.

ఆ తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డ, మళ్లీ నంద్యాల. ఆస్పత్రి నుంచి ఒక కాగితం, స్టేషను నుంచి ఒకటి, నేను నేనేనని ఇంకొకటి. కుంటుకుంటూ పోయి నిలబడితే, కాలు విరిగిందనడానికి రుజువేదని అడిగేవారు. వాళ్లను తప్పు పట్టను. ఆ వరండాలో అందరం కుంటుతూనే ఉన్నాం. ప్రతిసారీ నాయన తుండుగుడ్డలో జొన్నరొట్టెలు కట్టుకుని వెంట వచ్చేవాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చేలల్లో కనబడిన ఎద్దులన్నిటి గురించీ చెప్పేవాడు. “అది గట్టిది. దాని పక్కదానికి వయసైపోయింది. ఆ మచ్చెద్దు మన ఎర్రదానికి సరిజోడు.” కొన్నాళ్లకు చెప్పడం తగ్గింది. ఇంకొన్నాళ్లకు నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, తను కళ్లు మూసుకునేవాడు. నాకు అప్పుడు ఒక్క జోకూ తట్టేది కాదు. ఎద్దుల గురించి నాకేం తెలుసని!

చివరికి డబ్బు మంజూరైందని కబురొచ్చింది. ఆ లోపు సంతలో ఎద్దుల ధర పెరిగిపోయింది.

“ఎంత వరకు వస్తాది నాయనా?”

“ముందు కాళ్ల వరకు” అన్నాడు. నా నుంచే అంటుకున్నట్టుంది ఈ జబ్బు. తర్వాత నెమ్మదిగా, “కోడెదూడ వస్తాది. సాకి, కాడి అలవాటు చేసుకుంటే రెండేండ్లకు ఎద్దయితాది” అన్నాడు.

పక్క ఊళ్లో ఒక దూడను చూసి పెట్టుకున్నాడు. నల్లది, పొగరుది. ఆదివారం సాయంత్రానికి దుడ్లు తెచ్చిస్తే ఇస్తానని, లేదంటే సోమవారం సంతకు తోలుతానని దాని ఆసామి ఖచ్చితంగా చెప్పాడు. శనివారం పొద్దున్నే బస్సెక్కి నంద్యాల పోయాం. నేను సంతకం చేశాను. కవరు చేతికిచ్చారు. నాయన దాన్ని కళ్లకద్దుకుని, “ఇదేందయ్యా, ఒకటే కాగితముంది?” అన్నాడు.

“చెక్కు. మీ ఖాతాలో ఏసుకోవల్ల.”

“మాకు ఖాతా లేదు.”

“తెరవండి. వీధి చివరే బ్యాంకు.”

నాకు చేతనైనంత వేగంగా నడిచాం. పోయేసరికి తలుపుకు తాళం. శనివారం బ్యాంకు పన్నెండింటికే మూస్తారు.