పెద్దాయనకి మంగళవారం నలత

ఈతకొలను చూసుకునే బాబాయికి ఉన్నది ఒక్కటే పిచ్చి. పంపుగదిలో గోడకి బిగించి ఉన్న పాత క్లోరినేటర్‌ని ఆయన మిషన్ అనడు, "పెద్దాయన" అంటాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. పొద్దున్నే గేటు పక్కన నల్లబల్ల మీద ఆ పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉందో సుద్దముక్కతో రాసి పెడతాడు.

"పెద్దాయన రాత్రి బాగా నిద్రపోయారు. ఉప్పు సరిపోయింది. నోట్లో పాచి. పదింటికి పళ్ళు తోమబడును."

ఉప్పు కలిపిన కొలను నీళ్ళు ఆ మిషన్లో రేకుల మధ్యనుంచి పోతుంటే కరెంటు తగిలి క్లోరిన్ పుడుతుంది, నీళ్ళు శుభ్రపడతాయి. వాడగా వాడగా రేకులకి సున్నపు పొర కడుతుంది. వాటిని ఊడదీసి యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. పళ్ళు తోమడమంటే అదీ. "కాస్త మండుతుంది, ఓర్చుకోండి" అని రేకులకి నచ్చజెప్పి మరీ ముంచుతాడు బాబాయి.

ఈ పిచ్చికి జనం పెట్టే చీవాట్లన్నీ తినేది డెస్కు దగ్గర కూర్చునే అమ్మాయి. పెచ్చులూడిన గోడలూ, వానొస్తే కారే కప్పూ, సగం వెలగని దీపాలూ ఆమెకి అలవాటైపోయాయి. అలవాటు కానిది మంగళవారం. ప్రతి మంగళవారం మూడింటినుంచి నాలుగు దాకా "పెద్దాయనకి నలత. ఎవరూ లోపలికి రాకూడదు" అని రాసి బాబాయి తలుపేసుకుంటాడు.

"ఏమ్మా, మిషన్‌కి రోగం మంగళవారమే వస్తుందా? బుధవారం రాకూడదా?" అంటాడు బట్టల షాపాయన, తువ్వాలు భుజానేసుకుని.

"బాబాయి చెప్పారండీ."

"ముందు ఆ బాబాయిని చూపించండి డాక్టరుకి."

దానికి తోడు మంగళవారం సాయంత్రం బల్ల మీద ఇంకో వింత. ఓ వారం "పెద్దాయన చెయ్యి రొమ్ము దాకా లేచింది." రెండు నెలలకి "భుజం దాకా లేచింది."

"మిషన్‌కి చెయ్యేమిటి బాబాయ్?" అంది అమ్మాయి.

"లేచిందా లేదా? అది చాలు" అన్నాడు బాబాయి.

ఇంతలో కొలనుకి కొత్త సెక్రటరీగారొచ్చారు. రిటైరైన ఇంజినీరు. పంపుగదిలోకి వస్తూనే మిషన్ మీద "ఉప్పు తక్కువ" అని వెలుగుతున్న ఎర్రదీపం చూశారు.

"ఉప్పు పోయించు."

"పెద్దాయన మాట నమ్మకండి బాబూ. రేకులు అరిగిపోయి, ఉన్న ఉప్పుని కూడా లేదంటున్నారు. వయసు."

"మిషన్ అబద్ధమాడుతుందా?"

"పెద్దాయన కదండీ, మతిమరుపు."

సెక్రటరీగారు వినలేదు. దగ్గరుండి నాలుగు బస్తాలు పోయించారు. అయినా ఎర్రదీపం ఆరలేదని ఇంకో నాలుగు. మర్నాడు బట్టల షాపాయన కళ్ళు నులుముకుంటూ పైకొచ్చి, "ఈతకొచ్చానా, ఊరబెట్టించుకోడానికొచ్చానా?" అని కేకలేశాడు. సగం నీళ్ళు పారబోసి మంచినీళ్ళు నింపేసరికి మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు బల్ల మీద: "పెద్దాయన అబద్ధమాడారు. వయసు. సెక్రటరీగారు నమ్మారు. అదీ వయసే."

అది చదివి సెక్రటరీగారి మొహం ఎర్రబడింది. "మంగళవారం మూడింటికి నేనే వస్తాను. ఆ నలతేమిటో నా కళ్ళతో చూస్తాను. బూటకమని తేలిందా, మిషన్‌తో పాటు మీ బాబాయి కూడా ఇంటికే" అన్నారు అమ్మాయితో.

మంగళవారం ముసురు పట్టింది. మూడుంబావుకి సెక్రటరీగారు దిగారు. అమ్మాయి "సార్, సంతకం" అంది. పెట్టారు. "సార్, కాఫీ" అంది. వద్దన్నారు. ఇంక చెప్పడానికేమీ దొరక్క ఆయన వెనకాలే పరిగెత్తింది. తలుపు జానెడు తెరిచి సెక్రటరీగారు అలాగే నిలబడిపోయారు.

నీళ్ళలో టీచరమ్మ ఉంది. ఆ ఊళ్ళో సగం మంది పిల్లలకి ఈత నేర్పింది ఆవిడే. నిరుడు ఇంట్లో గ్యాసు అంటుకుంది. భర్త దక్కలేదు. ఆవిడకి సగం మొహం, పక్కకి అతుక్కుపోయిన కుడిచెయ్యి మిగిలాయి. నీళ్ళలో ఆడిస్తూ ఉంటేనే చెయ్యి లేస్తుందని డాక్టర్లు చెబితే ఒకనాడు వచ్చింది. తాను ఈత నేర్పిన పిల్లే ఆ మొహం చూసి కెవ్వుమని అమ్మ వెనక దాక్కుంది. ఆ పిల్లకి సారీ చెప్పి వెళ్ళిపోయింది టీచరమ్మ. ఆ రోజు డెస్కు దగ్గర ఈ అమ్మాయే ఉంది. మళ్ళీ రాలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. వెనక గుమ్మం ఒకటుందని గుర్తే లేదు.

బాబాయి నీళ్ళకి వీపు పెట్టి, పంపుగది గుమ్మంలో స్టూలు మీద పెద్దాయనకేసి చూస్తూ కూర్చుని అరుస్తున్నాడు. "ముప్పై ఒకటి! ఇంకొక్కసారి తల్లీ. చూడట్లేదు, చప్పుడే వింటున్నాను."

"అబద్ధాలు బాబాయ్. ఇరవై తొమ్మిదే."

"పెద్దాయన ముప్పై ఒకటంటున్నారు. ఆయనతో తగువు పెట్టుకుంటావా?"

నీళ్ళలోంచి చిన్న నవ్వు. ఆ వెనకే, "నిజం చెప్పు బాబాయ్. ఈ గంట నా కోసం మూస్తున్నావా? జాలిపడి మూస్తే మాత్రం నేను రాను."

"నీ కోసం మూయడానికి నువ్వేమన్నా మహారాణివా? ఆయనకి నలత. నీళ్ళు ఊరికే పడున్నాయి, వాడుకుంటున్నావు. ముప్పై రెండు!"

సెక్రటరీగారి బూట్లు కిర్రుమంటాయి. వంగి రెండూ విప్పి చంకలో పెట్టుకుని, మేజోళ్ళతో తడినేల మీద పిల్లిలా వెనక్కి నడిచారు. డెస్కు దగ్గరికొచ్చి బూట్లు తొడుక్కున్నారు.

"మిషన్‌కి నిజంగానే ఒంట్లో బాగాలేదమ్మా" అన్నారు లేసులు ముడేస్తూ. "నేను చూసినట్టు మీ బాబాయికి చెప్పకు."

దేవుడు ఎవరిచేత ఎప్పుడు ఏ అబద్ధం ఆడిస్తాడో అనుకుంది అమ్మాయి. సరేనంది.

ఆ నెలాఖరుకి మిషన్ నిజంగానే చచ్చిపోయింది. రేకుల మీద పూతంతా రాలిపోయింది. బాబాయి రెండు రోజులు యాసిడ్ నీళ్ళతో, బతిమాలుడుతో ప్రయత్నించి మూడోనాడు బల్ల మీద "పెద్దాయన పోయారు" అని మాత్రం రాశాడు. బట్టల షాపాయన చదివి, "అయ్యో" అనేసి, అన్నందుకు తనే సిగ్గుపడి లోపలికెళ్ళిపోయాడు.

కొత్తది వచ్చింది. తళతళలాడుతోంది. అయిదేళ్ళ గ్యారంటీ, విశ్రాంతి అక్కర్లేదని పుస్తకంలోనే అచ్చేశారు. బాబాయి దానికి పేరు పెట్టలేదు, పలకరించలేదు. సోమవారం టీచరమ్మ ఫోన్ చేసింది. "కొత్తది పెట్టారటగా బాబాయ్. ఇంక మూయరు కదా. ఇన్నాళ్ళూ మీ పెద్దాయన పుణ్యమా అని భుజం దాకా వచ్చింది, చాలు." ఫోన్ పెట్టేసి బాబాయి ఆ పూట అన్నం తినలేదు. సెక్రటరీగారు అంతా చూశారని చెప్పేద్దామని అమ్మాయికి నాలిక చివరిదాకా వచ్చింది. మాటిచ్చింది కదా, మింగేసింది.

మంగళవారం రెండున్నరకి బాబాయి సుద్దముక్క పట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. గ్యారంటీ ఉన్నదానికి ఏ రోగం అంటగట్టాలో తెలీక కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. చూస్తే బల్ల మీద అప్పటికే రాసి ఉంది. స్కేలు పెట్టి గీతలు గీసి, ముత్యాల్లాంటి అక్షరాల్లో:

"గమనిక. కొత్త పరికరమునకు ఇచ్చటి నీరు పడక జలుబు చేసినది. ప్రతి మంగళవారము 3 నుండి 4 వరకు విశ్రాంతి అవసరము. ఇట్లు, సెక్రటరీ."

బాబాయి రెండుసార్లు చదివాడు. సుద్దముక్క జేబులో పడేసుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. "తల్లీ, దీనికీ నలతేనట! గొప్ప ఇంజినీరుగారే తేల్చారు. నీళ్ళు ఊరికే పడున్నాయి, రా!"

బయట బట్టల షాపాయన తువ్వాలుతో నిలబడి నోరు తెరిచాడు. "కొత్తదానికి కూడానా?"

"వాళ్ళ వంశంలోనే ఉందిటండీ" అంది అమ్మాయి, రిజిస్టరులోంచి తలెత్తకుండా.

సాయంత్రం సెక్రటరీగారి అక్షరాల కింద వంకరటింకరగా ఇంకో వరస చేరింది: "కొత్తాయన చెయ్యి భుజం దాటింది."