సాంబయ్య ఇంటి ఆంప్లిఫయరులో నాలుగు చప్పుళ్లు

1977 జూలైలో వరంగల్లులో నా మొదటి పోస్టింగు. హోదా రేడియో మెకానిక్, రెండో గ్రేడు. పంచాయతీ ఆఫీసుల్లో ఊరివాళ్లంతా చేరి వినే రేడియో సెట్లను బాగుచేయడం, వాటి బ్యాటరీలు మార్చడం, చేసిన పనిని రిజిస్టరులో ఎక్కించడం మా విభాగం బాధ్యత. మా పైన సూపర్‌వైజరు, ఆయన పైన అసిస్టెంట్ ఇంజనీరు. ఇంజనీరుగారు మాకు ఎక్కువగా సంతకం రూపంలోనే కనిపించేవారు. సూపర్‌వైజరు మొయినుద్దీన్ సాబ్ మాత్రం పొద్దుటినుంచి బెంచి దగ్గరే ఉండేవారు.

రిజిస్టరులో ఫిర్యాదు గడిలో ఎవరైనా "సెట్టులో చప్పుడు" అని రాస్తే ఆయన ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఎటువంటి చప్పుడు? ఆగకుండా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా? వాల్యూము తగ్గిస్తే తగ్గుతోందా? ఇవన్నీ రాశాకే స్క్రూడ్రైవరు ముట్టుకోనిచ్చేవారు. "పేరు తెల్వని రోగానికి ఏం మందిస్తవ్ మియా?" అనేవారు. పాలిటెక్నిక్ డిప్లొమాతో కొత్తగా వచ్చిన నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. ఏ పనినైనా అంకెలు వేసి వరుసగా రాసుకోవడం నాకు అప్పటికే అలవాటు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఎప్పుడూ ఉండేది.

కొత్తవాడలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నా గోడకు అవతల సాంబయ్య ఇల్లు. ఆయన దర్రీలు, అంటే జంపఖానాలు, నేసేవాడు. దర్రీ నేతలో పేక నూలును కిందికి దిగగొట్టడానికి ఇనుప పళ్లున్న చేతి పనిముట్టు ఒకటి ఉంటుంది, దాన్ని పంజా అంటారు. పొద్దున ఏడింటికి మొదలయ్యే పంజా దెబ్బ నాకు గడియారం అవసరం లేకుండా చేసింది. అయితే నేను చేరిన రెండో వారంలో ఆ దెబ్బతో పాటు "బుర్ర్" మనే మోత ఒకటి గోడలోంచి రావడం మొదలైంది. ఎవరి రేడియోనో చెడిపోయిందనుకున్నాను. ఒక ఆదివారం, కొంత విసుగుతోనూ కొంత వృత్తి ఉత్సాహంతోనూ, వెళ్లి చూశాను.

అది రేడియో కాదు. మగ్గం గుంజకు మేకు కొట్టి, దానికి ఒక పాత ఆంప్లిఫయరు వేలాడదీశాడు సాంబయ్య. పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చే దుకాణం నుంచి తెచ్చిన సరుకు అది. అప్పటికే ట్రాన్సిస్టరు సెట్లు వచ్చేశాయి కనుక పాత వాల్వు పెట్టెలను ఆ దుకాణాలవాళ్లు వదిలించుకుంటున్నారు. వాల్వు అంటే గాజుబుడ్డి. లోపలి తీగ ఎర్రగా కాగితేనే పనిచేస్తుంది. ఆ ఆంప్లిఫయరు నుంచి ఒక తీగ తలుపు సందులోంచి వెనక గదికి పోయింది. దాని చివర మైకు, మైకు పక్కన మంచం, మంచంలో సాంబయ్య భార్య బుచ్చమ్మ. ఇటు మగ్గం పైన చెక్కపెట్టెలో స్పీకరు. మధ్యలో మందపాటి మట్టిగోడ ఉండబట్టి మైకుకూ స్పీకరుకూ ముడిపడి కూత పెట్టడం లేదు.

రెండేళ్ల కింద బుచ్చమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. గొంతు సన్నబడింది. పంజా మోతలో ఆమె పిలుపు వినబడదు. వినబడాలంటే పని ఆపాలి. అందుకని సాంబయ్య తన బుద్ధితో తానే చేసుకున్న ఏర్పాటు ఇది.

"ఏడాది నుంచి మంచిగనే పనిచేసింది సారు," అన్నాడు. "ఇప్పుడు పెట్టె మొత్తుకుంటాంది గని మనిషి మాట వినవస్తలేదు. మొన్న మంచినీళ్ల కోసం పిలిచి పిలిచి ఊకున్నదట. నేనేమో ఈడ పంజా కొడుతనే ఉన్న."

ఆ సంగతి నర్సంపేటలో ఉన్న బావమరిదికి తెలిసింది. వచ్చే ఆదివారం వచ్చి అక్కను తీసుకుపోతానని కబురు పెట్టాడు. బావమరిది తప్పేమీ లేదని సాంబయ్యే చెప్పాడు. చూసుకోలేనివాడి దగ్గర ఎట్లా ఉంచుతాడు?

లోపలినుంచి బుచ్చమ్మ ఏదో అంది. స్పీకరులో బుర్రుమనే మోత తప్ప ఏమీ రాలేదు. తలుపు దగ్గరికి వెళితే వినబడింది. "నేను పోను బిడ్డా. నర్సంపేటల నాకేం పని? ఆడ నేను తిడితే పడేటోడు ఎవడున్నడు?"

పెట్టెను నా గదికి తీసుకుపోయి చూస్తానన్నాను. సాంబయ్య ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. ఆ ఆలోచన ఎందుకో నాకు తరువాత తెలిసింది. పెట్టె నా దగ్గర ఉన్నంతసేపూ ఆయన మగ్గం ఎక్కలేడు, మంచం పక్కనే కూర్చోవాలి. నాకు ఉన్నది వారం రోజులు.

సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మొదలుపెట్టాను. వాల్వు ఆంప్లిఫయరు లోపల దాదాపు మూడువందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. ముందు వాటిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేయాలి. కరెంటు ఉండగా చూసేటప్పుడు, షాకు గుండె మీదుగా పోకుండా, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలి. ఇవి మొయినుద్దీన్ సాబ్ నేర్పినవే. ఆ తరువాత నోటుబుక్కులో రాశాను: ఒకటి, బుర్రు మోత, ఆగదు, వాల్యూముతో మారదు. రెండు, చరచర, ఆగి ఆగి వస్తుంది, వాల్యూముతో మారుతుంది.

చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకునే పద్ధతి సులువైనదే. అందులో శబ్దం ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు చేతులు మారుతూ పోతుంది. చివరి వాల్వు ముఖద్వారాన్ని మూసేస్తే, అంటే దాన్ని ఒక కెపాసిటరుతో పెట్టె అడుగు రేకుకు, చాసిస్‌కు, కలిపేస్తే, ముందునుంచి వచ్చేదంతా ఆగిపోతుంది. అప్పటికీ మోత ఆగలేదంటే అది ముందునుంచి వచ్చేది కాదన్నమాట. బుర్రు మోత ఆగలేదు. కరెంటును చదును చేసే ఫిల్టరు కెపాసిటరుదే తప్పు, అది ఎండిపోయింది. మరునాడు మొయినుద్దీన్ సాబ్‌ను అడిగితే స్టాకు గది వైపు కూడా చూడకుండా తన సొంత డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చారు. చరచర మాత్రం మొదటి రెండు వాల్వుల దగ్గర తేలింది. వాల్వుల సాకెట్ల నిండా నూలు పీచు మెత్తి ఉంది. వానాకాలపు చెమ్మ పట్టి, ఆ పీచులోంచి కరెంటు కొద్దికొద్దిగా పాకుతోంది. స్పిరిట్‌తో, పాత పళ్లబ్రష్షుతో కడిగాను.

బుధవారం సాయంత్రం నా బల్ల మీద పెట్టె శుభ్రంగా పలికింది. నోటుబుక్కులో రెండు టిక్కులు పెట్టి, తీసుకెళ్లి మేకుకు తగిలించాను. సాంబయ్య మగ్గం మీద కూర్చుని పంజా ఎత్తి ఒక దెబ్బ వేశాడు. స్పీకరు "ణంగ్" మంది. ఇంకో దెబ్బ, ఇంకో "ణంగ్".

వెనక నుంచి బుచ్చమ్మ గొంతు స్పీకరులో స్పష్టంగా వచ్చింది. "ఏందయ్యో, నేత బంజేసి గుడిగంట కొడుతున్నవా?"

మాట వినబడినందుకు సంతోషించాలో, గంట మోగినందుకు సిగ్గుపడాలో తెలియలేదు. ఆయన పని సాగితే ప్రతి దెబ్బకూ గంట మోగి ఆమె మాటను కప్పేస్తుంది. పెట్టెను మళ్లీ తెచ్చుకున్నాను. నా బల్ల మీద ఎంతసేపు విన్నా గంట లేదు. లేని తప్పును వెతకడం కన్నా కష్టమైన పని మా వృత్తిలో ఇంకొకటి లేదు.

గురువారం మొయినుద్దీన్ సాబ్‌కు మొత్తం చెప్పాను. ఆయన బీడీ వెలిగించుకుని ఒకటే అడిగారు. "ఆ ఇంట్ల ఏమున్నది, నీ టేబుల్ కాడ ఏం లేదు?"

"మగ్గం," అన్నాను.

"మరి పెట్టె నీ కాడున్నప్పుడు మగ్గం ఆడుతాందా?"

ఆడటం లేదు. పెట్టె లేనిదే సాంబయ్య నేయలేడు. నేయనిదే చప్పుడు రాదు. నా బల్ల దగ్గర ఎన్ని రోజులు కూర్చున్నా అది నాకు దొరికేది కాదు. ఆ సాయంత్రం పెట్టెకు కరెంటిచ్చి, పెన్సిలు వెనక రబ్బరుతో వాల్వులను ఒక్కొక్కటిగా తట్టాను. మొదటి వాల్వు తట్టగానే "ణంగ్" మంది. వాల్వు పాతబడితే లోపలి సన్నని తీగలు వదులవుతాయి. బయటి కదలికను అవి శబ్దంగా మార్చేస్తాయి. అంటే ఆ వాల్వు తానే ఒక మైకు అయి కూర్చుంది. సాంబయ్య పెట్టెను సరాసరి మగ్గం గుంజకే తగిలించాడు. చేతికి అందేలా ఉండాలని ఆయన చేసిన పని అది. ఏడాది పాటు పడిన పంజా దెబ్బలే వాల్వును ఆ స్థితికి తెచ్చి ఉంటాయి.

అటువంటి కొత్త వాల్వు ఊళ్లో దొరకలేదు. శుక్రవారం సాయంత్రం ఎదుటి గోడకు చెక్క పలక కొట్టి, దాని మీద సాంబయ్య ఇచ్చిన దర్రీ ముక్కలు నాలుగు మడతలు పరిచి పెట్టెను ఉంచాను. వాల్వు సాకెట్టు కింద సైకిలు ట్యూబు రబ్బరు బిళ్లలు వేశాను. సాంబయ్య కసిగా పది దెబ్బలు వేశాడు. గంట మోగలేదు. నోటుబుక్కులో మూడో టిక్కు పడింది.

అక్కడితో ఆగి ఉండవలసింది. కానీ స్పీకరుకు చెవి ఆనిస్తే సన్నగా "సుయ్" మనే చప్పుడు ఒకటి మిగిలి ఉంది. వాల్వు ఆంప్లిఫయరులో అది సహజం. ఎవరూ దాని గురించి ఫిర్యాదు చేయలేదు. నా జాబితాలో నాలుగో అంకె వేసి దాన్నీ రాశాను. శబ్దంలోని సన్నని స్వరాలను తొక్కిపట్టే చిన్న కెపాసిటరు ఒకటి పెడితే "సుయ్" కూడా పోయింది. మాట కొంచెం మందంగా వినిపించినా అర్థమవుతోంది. నాలుగు టిక్కులు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శనివారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సాంబయ్య నా గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.

"ఏమైంది కాకా? మళ్లా గంటనా?" అన్నాను.

"లేదు సారు, మంచిగ చేసినవ్. బాగ మంచిగ చేసినవ్. గని... నాకు పని సాగుతలేదు. పొద్దటి నుంచి జానెడు సుత నేయలే."

"ఎందుకు?"

"సప్పుడు లేదు."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకొచ్చాడు. ఇదివరకు స్పీకరు సన్నగా సుయ్యిమంటుంటే పెట్టె బతికే ఉందని తెలిసేది. పనిలో కాస్త ఆగినప్పుడు ఆ సుయ్యిలోనే ఆమె ఊపిరి కూడా వినవచ్చేది. ఇప్పుడు పెట్టె నిమ్మళంగా ఉంది. ఆమె పిలవలేదా, కరెంటు పోయిందా, తీగ ఊడిందా, లేక ఇంకేమన్నా అయిందా? తెలియక ప్రతి ఐదు నిమిషాలకూ మగ్గం దిగి వెళ్లి చూస్తున్నాడు.

"పోయినప్పుడల్లా తిడుతాంది సారు. పెండ్లయిన కొత్తల గూడ ఇన్నిసార్లు తొంగి చూడలే, ఇప్పుడేం పుట్టిందయ్యా అంటది."

నేను వెంటనే పరిష్కారం చెప్పాను. పెట్టెకు ఎర్రబల్బు ఒకటి పెడతాను, వెలుగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

సాంబయ్య తల అడ్డంగా ఊపాడు. "నా కండ్లు పడుగు మీదుంటయి సారు, ఆ కరెంటు బుగ్గ మీద గాదు. నాకు ఖాళీగ ఉన్నయి చెవులే. ఇంకోటి, బుగ్గ వెలిగితే పెట్టె బతికున్నట్టు. మనిషి సంగతి బుగ్గకేం ఎరుక?"

ఊపిరి చప్పుడు కూడా సన్నని స్వరమే. నేను "సుయ్" ను తీసేసినప్పుడు దానితో పాటు బుచ్చమ్మ ఊపిరినీ తీసేశాను. నోటుబుక్కు పట్టుకుని వారమంతా ఆ ఇంట్లో తిరిగానే కానీ, ఆ స్పీకరులో ఏం వింటావని సాంబయ్యను ఒక్కసారీ అడగలేదు.

అప్పుడే వెళ్లి కెపాసిటరు పీకేశాను. సుయ్ మళ్లీ వచ్చింది. ఈసారి వాల్యూము నేను పెట్టలేదు, సాంబయ్యను మగ్గం మీద కూర్చోబెట్టి ఆయన చెప్పినట్టు తిప్పాను. "జర పెంచు... ఇంక జర... ఆఁ, ఆగు." ఇద్దరం కదలకుండా విన్నాం. సుయ్ వెనక మెల్లగా వచ్చీపోయే ఊపిరి. సాంబయ్య చెయ్యి పంజా మీద ఊరికే ఉండిపోయింది.

"ఏందయ్యో," అంది స్పీకరు. "ఇద్దరు ఏం జేస్తాండ్లు? పని లేదా?"

ఆదివారం బావమరిది కొమురయ్య వచ్చాడు. అక్కను మాట్లాడించి, మగ్గం దగ్గర పీట మీద కూర్చుని నర్సంపేటలో మంచి దవాఖాన ఉన్నదని మొదలుపెట్టాడు. సాంబయ్య వింటూనే నేస్తున్నాడు. ఇంతలో ఆయన పంజా పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లాడు. ఎందుకు లేచాడో కొమురయ్యకు తెలియలేదు, నాకూ తెలియలేదు. లోపల ఆమెకు దగ్గు రాబోతోందట, ఊపిరి మారింది. ఆయన ఆమెను లేపి కూర్చోబెట్టాకే దగ్గు స్పీకరులో వినబడింది. తరువాత బుచ్చమ్మ మాట: "తమ్మీ, చాయ్ తాగినవా? తాగి పొద్దు గూకకముందే బస్సెక్కు."

కొమురయ్య లేచి వెళ్లి స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు. చాయ్ తాగి ఒక్కడే వెళ్లాడు.

ఆ గదిలో ఇంకో నాలుగేళ్లున్నాను. పంజా దెబ్బ వరుసగా వినబడుతుంటే అవతల పెట్టె సవ్యంగా ఉందని లెక్క. ఆగితే నేను లేచి వెళ్లి చూసేవాణ్ణి. రెండుసార్లు ఫ్యూజు, ఒకసారి ఎలుక కొరికిన తీగ. మిగతాసార్లు ఆయన అన్నానికి లేచి ఉండేవాడు.

కొమురయ్య వచ్చి వెళ్లిన మరునాడు, సోమవారం, ఆఫీసులో నా సొంత రిజిస్టరులో ఫిర్యాదు గడి పక్కన ఒక గీత గీసి ఇంకో గడి చేశాను. "వినేవారికి ఏమి వినబడాలి" అని దాని పేరు. మొయినుద్దీన్ సాబ్ చూసి ఎర్ర సిరా తీయలేదు. తరువాత పాతికేళ్లు పైన ఉద్యోగం చేశాను, హోదాలు మారాయి, వాల్వులు పోయాయి. ఏ సెట్టు మూత తీసినా ముందు ఆ గడి నింపాకే తీశాను.