మేడమీది డబ్బాకు సాంబ్రాణి

ఆ రోజుల్లో నా లెక్కలో పొగ వేరు, ధూపం వేరు. కాదన్న వాళ్లతో మాటలు మానేసేదాన్ని. పెళ్లై సూరత్‌కు వచ్చిన కొత్త. మా ఆయనకు సాంచాల మీద పని (అదే, కరెంటు మగ్గాలు), మాకు బమ్రోలిలో మేడమీద ఒక్క గది. ఆ మేడమీదే, నా తులసి కుండీ పక్కన, వరంగల్ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒకమ్మాయి గొట్టం ఉన్న డబ్బా ఒకటి పెట్టింది. (దాని పేరు నాకు నోరు తిరగలేదు. అందుకని ఆ అమ్మాయికే డబ్బాపిల్ల అని పేరు పెట్టాను.) గాలిలో కంటికి కనిపించని నలుసులు ఎప్పుడు పుడతాయో, ఎట్లా పెరుగుతాయో అది రాసుకుంటుందట. అలాంటిదే ఇంకొకటి దూరంగా చెరకు తోటల ఊళ్లో పెట్టిందట.

"నలుసు పుట్టుడేంది చెల్లె? దుమ్ము లేస్తది గని పుడ్తదా?" అన్నాను.

"పుడ్తది అక్కా. గాలిల ఆవిర్లు ఎండకు ఒక్కదగ్గరికొచ్చి నలుసైతయి. ఇంకింత ఆవిరి అంటుకొని పెరుగుతయి. ఊర్ల గాలి తేట గద, పగటిపూట పుట్టి పొద్దుగూకేదాక పెరుగుతనే ఉంటయి. ఇక్కడ పుట్టంగనే పెద్ద నలుసులు మింగేస్తయి."

పసివాటిని పెద్దవి మింగే ఆ గాలినే నేను పీలుస్తున్నానని తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు.

డబ్బా దగ్గర పొయ్యి, బీడీ, చెత్తమంట ఏదీ ఉండొద్దంది. బీడీ ముట్టించిన మా ఆయన్నే మెట్లు దింపాను. నేను మాత్రం రోజూ పొద్దున్నే స్నానం చేసి, తులసికీ డబ్బాకూ సాంబ్రాణి వేసేదాన్ని. (సాంచాకు ధూపం పట్టకుండా పని మొదలుపెట్టే ఇంట్లో నేను పుట్టలేదు.) బాగా అందాలని గొట్టం మూతి దగ్గరే పట్టేదాన్ని.

ఐదు నెలలకు డబ్బాపిల్ల రంగుల గీతలున్న కాగితం పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"పట్నంల పుట్టినా మిగలవనుకున్నయి మీ మేడమీద రోజూ పుడ్తున్నయి అక్కా, ఊర్లకంటె జాస్తి. రేపే మా సార్‌కు చూపిస్త. ఒక్కటే సమజైత లేదు. నెలకు నాలుగు దినాలు ఒక్కటి గూడ పుడ్తలేదు. పోయిన నెల తొమ్మిది నుంచి పన్నెండు."

అవి నేను పూజ ముట్టని రోజులు. నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోని సంగతిని ఆ డబ్బా నెలనెలా రంగులేసి రాసిపెట్టింది. ఎదురుగా మా ఆయన చాయ్ తాగుతున్నాడు. చెబితే నా సిగ్గు పోతుంది. చెప్పకపోతే రేపు సార్ ముందు ఆ పిల్ల చదువే పోతుంది.

"అవి పుట్టలే చెల్లె. నేనే పుట్టిచ్చిన. సాంబ్రాణితోని."

"పొగ వద్దన్న గద అక్కా."

"పొగ యాడ పెట్టిన? ధూపం పెట్టిన."

"మరి ఆ నాలుగు దినాలు?"

నేను తల వంచుకున్నాను. మా ఆయన గ్లాసుతో సహా గోడవైపు తిరిగాడు. ఆ పిల్లకు అర్థమై మెట్లమీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కాగితం మోకాళ్లమీద పరుచుకొని, "మిగతా నెలల తారీఖులు యాదికున్నయా?" అంది. కాగితం చూడకుండా ఐదు నెలలవీ వరుసగా చెప్పాను. ఒక్కొక్కటీ సరిచూసుకొని పెన్నుతో సున్నా చుట్టింది.

"పనికొచ్చేటివి ఇవే అక్కా. మీ మేడమీది అసలు గాలి గీ దినాలల్లనే ఉంది."

నేను విస్తుపోయాను. ఏదీ ముట్టొద్దని నేను దూరంగా కూర్చున్న రోజులే చదువుకు పనికొచ్చాయి. మడిగా, బొట్టు పెట్టుకొని నిలబడ్డ రోజులన్నీ నేను పాడుచేసినవే. గొట్టం ముందు కళ్లు మూసుకున్న ఆ పిచ్చిదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. డబ్బాకు చేతినిండా పని దొరకాలని రోజూ మొక్కుకునేది పాపం.