బస్సుకి చాలని చూపు

వీరేశం అంకుల్ నడిపే బస్సు ఎక్కితే మమ్మల్ని పేరు పెట్టి పలకరిస్తారు. మా పామర్‌స్టన్ నార్త్ ఊళ్ళో యూనివర్సిటీ రూట్ ఆయనదే, పంతొమ్మిదేళ్ళుగా. ఇక్కడ చదువుకునే తెలుగు పిల్లలందరికీ అంకులే. మెట్టు మీద కాలు పెట్టామో లేదో, "ఏం శ్రీజా, ఇయ్యాల లేటైనట్టున్నది" అంటారు. ఎంత గుర్తు పెట్టుకుంటారో అని మేం మురిసిపోయేవాళ్ళం.

అసలు సంగతేంటంటే, ఆయనకి మా మొహాలు కనపడట్లేదు. ఏ స్టాప్‌లో ఎక్కాం, ఏ రంగు జాకెట్, అడుగు ఎలా పడింది, వీటితో పోల్చుకుంటున్నారు. ముందు తనే గుడ్ మార్నింగ్ చెప్పేస్తే అవతలి మనిషి తిరిగి చెప్తారు కదా, గొంతు దొరికిపోతుంది.

కళ్ళు చూసిన డాక్టర్లు కాక ఈ విషయం తెలిసింది ఒక్కరికే, ఆయన భార్య ఇందిరాదేవి ఆంటీకి. ఆవిడ ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం మీదే సిద్దిపేట నుంచి ఇద్దరూ వచ్చారు. అంకుల్ అక్కడ ఆర్టీసీ డ్రైవర్. ఇక్కడా స్టీరింగే పట్టుకున్నారు, వేరే పని ఏదీ ఆయన మనసుకి ఎక్కలేదు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు. పోయినేడు చెకప్‌లో బయటపడింది. ప్రభుత్వ ఆస్పత్రి లిస్టులో పేరు ఎక్కాలంటే చూపు ఇంకా తగ్గాలన్నారు. కళ్ళద్దాల షాపులో టెస్ట్ చేసినామె మాత్రం ఇంకొంచెం ముదిరితే బస్సు ఆపేయాల్సిందే అంది. అంటే చూడండి, ఆపరేషన్‌కి సరిపడా గుడ్డితనం లేదు, బస్సుకి సరిపడా చూపు లేదు.

కాకపోతే ఆయనకి ఇన్సూరెన్స్ ఉంది. బస్సు కంపెనీ స్టాఫ్ అందరికీ కలిపి ఒక గ్రూపు పాలసీ తీసుకుని, సగం తనే కట్టేది. దాని మీద ప్రైవేటు డాక్టర్ డిసెంబర్‌లోనే డేట్ ఇచ్చాడు. పంచాంగం చూస్తే శుక్ర మూఢం. రోజుకి పదిమందిని ఆపరేషన్ థియేటర్‌కి తోసుకెళ్ళే ఇందిరాదేవి ఆంటీ, తన మొగుడి దగ్గరికి వచ్చేసరికి మూఢంలో కంటి మీద కత్తి పెట్టించుకుంటారా, వద్దంటే వద్దు అన్నారు. డేట్ వదిలేశారు. మార్చిలో అన్న కొడుకు పెళ్ళికని లీవంతా వాడి హైదరాబాద్ వెళ్ళారు. అక్కడ చేయించుకోవచ్చు కదా అంటే, పెళ్ళిలో కంటికి కట్టుతో కూర్చోవాలా, పామర్‌స్టన్‌లో ఇన్సూరెన్స్ ఉండగా ఇక్కడెందుకు అన్నారు అంకుల్. తిరిగొచ్చి అడిగితే డాక్టర్‌కి ఖాళీ దొరికింది జూలై పద్నాలుగున. నెలాఖరుకి లైసెన్స్ మెడికల్ టెస్ట్. ఈలోపు కన్ను బాగైపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అనుకున్నారు.

జూన్ రెండో వారంలో డిపో గోడ మీద కాగితం అంటించారు. బస్సులకి ప్రభుత్వం నుంచి వచ్చే సబ్సిడీ తగ్గింది, కాబట్టి కంపెనీ ఇక ఇన్సూరెన్స్ భరించలేదు. గ్రూపు పాలసీ జూన్ ముప్ఫైతో ఆఖరు. కావాలంటే ఎవరికి వారు విడిగా తీసుకోవచ్చు. ఖరీదు దాదాపు రెండింతలు, పైగా ఇప్పటికే ఉన్న జబ్బులకి మొదటి మూడేళ్ళు పైసా రాదు.

డిపో అంతా గోలగోల. గ్యారీ అని ఒక డ్రైవరున్నాడు, నోరు పెద్దది. ఈ దేశంలో దెబ్బ తగిలితే ఖర్చు ప్రభుత్వం చూసుకుంటుంది, రోగమొస్తేనే తిప్పలు, అందుకని అందరూ వరసగా మెట్ల మీంచి దొర్లండి అన్నాడు. నవ్వారు గానీ అక్కడికక్కడే ఇద్దరు విడి పాలసీ కూడా వద్దని ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్లు చేసేశారు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులోనూ అదే రభస. ఎవరికి వాళ్ళకి ప్రీమియం పెరిగిందని ఉత్తరాలొచ్చి ఉన్నాయి. కిరాణా షాపు అప్పారావుగారైతే ఇన్సూరెన్స్ మానేసి ట్రెడ్‌మిల్ కొన్నానని ఫోటో పెట్టారు.

వీరేశం అంకుల్ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. ఆ కాగితం ముందు నిలబడి, చదువుతున్నట్టు తల ఊపి, పక్కనున్న సినాని ఏం రాశారని అడిగారు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నారు.

సినా అంటే సమోవా దీవుల నుంచి వచ్చినామె. తనూ డ్రైవరే, యూనియన్ మనిషి. గురువారం రెండింటికి క్యాంటీన్‌లో మీటింగ్ పెట్టించింది, మేనేజర్‌ని కూర్చోబెట్టింది. ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్నవాళ్ళకైనా కొన్ని నెలలు పొడిగించమని అడుగుదాం, కానీ అలాంటివాళ్ళు నిజంగా ఉన్నారని చూపించాలి అంది. అందరికంటే సీనియర్ నువ్వు, ఒక్క యాక్సిడెంట్ లేదు, నువ్వు మాట్లాడితే వింటారు అని అంకుల్‌ని పట్టుకుంది. ఆయన చూద్దాం అన్నారు. చూద్దామనక ఏమంటారు? నోరు విప్పితే ఆపరేషన్ దక్కుతుందేమో. కానీ విప్పిన నిమిషంలో స్టీరింగ్ పోతుంది.

బుధవారం నాలుగు దాటింది. యూనివర్సిటీ నుంచి ఫిట్జ్‌హెర్బర్ట్ బ్రిడ్జి మీదుగా ఊళ్ళోకి వస్తున్నారు. జూన్ అంటే ఇక్కడ చలికాలం, ఆ టైముకే ఎండ కిందికి దిగి సూటిగా అద్దంలోకి కొడుతుంది. మామూలు కళ్ళకే కష్టం. శుక్లాలున్న కళ్ళకి ముందంతా పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోతుంది. రోడ్డు కంఠతా వచ్చు కాబట్టి వెళ్తున్నారు. బ్రిడ్జి దిగి ఎడమపక్క స్టాప్‌కి తిప్పుతున్నారు. వెనక నుంచి ఎవరో గట్టిగా అరిచారు. బ్రేక్ తొక్కారు. నిలబడ్డవాళ్ళు ముందుకి తూలారు. బస్సు పక్కన ధన్ ధన్ అని చేత్తో బాదిన చప్పుడు. ఒక అమ్మాయి, సైకిల్ మీద. బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య జానెడు జాగాలో నిలబడిపోయింది. నారింజ రంగు జాకెట్ వేసుకుంది, ఆ రంగు మైలు దూరం నుంచి కనపడేది. ఆయనకి రంగు కూడా కనపడలేదు.

అమ్మాయికి ఏం కాలేదు. ఒక బూతు తిట్టి వెళ్ళిపోయింది. ప్యాసింజర్లు ఎండని తిట్టుకున్నారు. ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదు. ఆయన బస్సు డిపోలో పెట్టి ఇంటికి వెళ్ళారు.

ఇంట్లో చెప్పగానే ఇందిరాదేవి ఆంటీ కూలబడ్డారు. పాపం నాదే అన్నారు. ఆ డిసెంబర్ డేట్ నేను ఆపకపోతే ఇవాళ ఇదంతా ఉండేది కాదని ఒకటే ఏడుపు.

"మూఢం గాదు ఇందిరా," అన్నారు అంకుల్. "కత్తంటే నాకే భయమైంది. నువ్వు వద్దంటవేమోనని ఎదురుచూసిన. అన్నవు. పంచాంగం మీదికి తోసి ఊకున్న."

ఆవిడ ఏడుపు ఆపి మొహం చూశారు. ఆర్నెల్లుగా ఆ బరువు తన నెత్తిన మోయించినందుకు ఎంత కోపం వచ్చిందో, అంతకంటే ఎక్కువ భయం వేసింది.

"రేపు సిక్ లీవు పెట్టు," అన్నారు. "బస్సు ముట్టకు. కండ్ల మాట మాత్రం ఎత్తకు. ఒక్కసారి ఫైల్ల ఎక్కితే నీకు మళ్ళ స్టీరింగ్ ఇయ్యరు."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే నువ్వు బతుకుతవా?"



గురువారం డ్యూటీ మూడుంపావుకి. సిక్ లీవు పెట్టలేదు. యూనిఫాం వేసుకుని, తాళాలు తీసుకుని రెండింటికి క్యాంటీన్‌కి వెళ్ళారు. ముప్ఫైమంది ఉన్నారు. మేనేజర్ సబ్సిడీ గురించి, కాంట్రాక్టు గురించి పావుగంట చెప్పాడు. సినా పొడిగింపు అడిగింది. సరే, ట్రీట్‌మెంట్ మధ్యలో ఉన్నది ఎవరో చెప్పండి, ఇప్పటిదాకా నా దగ్గరికి ఒక్కరూ రాలేదు కదా అన్నాడతను. వెటకారమేం కాదు, నిజంగానే ఎవరూ వెళ్ళలేదు. ఉద్యోగం చేసే చోట జబ్బు సంగతి ఎవరు చెప్పుకుంటారు?

సినా అంకుల్ వైపు చూడకుండా బల్ల వైపు చూస్తోంది.

అంకుల్ లేచారు. ఇంగ్లిష్‌లోనే చెప్పారు, తక్కువ మాటలు.

"జూలై పద్నాలుగున నాకు కంటి ఆపరేషన్. రెండు కళ్ళూ మసకబారినయి. నిన్న బ్రిడ్జి దగ్గర సైకిల్ మీదున్న అమ్మాయి నాకు కనపడలేదు. చాలా రోజులుగా చాలా కనపడట్లేదు."

తాళాలు తీసి మేనేజర్ ముందు పెట్టారు.

చప్పట్లు కొడతారని మీరనుకుంటే పొరపాటు. గ్యారీ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"నా కూతురు నీ బస్సులోనే కాలేజీకి వెళ్తుంది."

"తెలుసు," అన్నారు అంకుల్.

గ్యారీ ఇంకేదో అనబోయి, కుర్చీ వెనక్కి తన్ని బయటికి వెళ్ళిపోయాడు. అంకుల్ తల దించుకోలేదు. ఆ కోపం తనకి రావాల్సిందేనని తెలిసినట్టు నిలబడ్డారు.

మేనేజర్ తాళాలు జేబులో వేసుకున్నాడు. ఈ నిమిషం నుంచి బస్సు ఎక్కొద్దు, డాక్టర్ మళ్ళీ రాసిచ్చేదాకా అన్నాడు. పొడిగింపు నా ఒక్కడి చేతిలో లేదు, పైవాళ్ళతో మాట్లాడాలి, పేర్లు ఇస్తే బుధవారంలోపు చెప్తా అన్నాడు. సినా వెంటనే ఒక తెల్ల కాగితం తీసి పైన హెడ్డింగ్ రాసి, కింద సంతకాలకి గీతలు గీసింది. వెనక బెంచీ మీద నుంచి ఒకామె లేచింది, తనకి గర్భసంచి ఆపరేషన్ ఉందంది. వర్క్‌షాప్‌లో పనిచేసే పెద్దాయన గుండె అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఇంకో ఇద్దరు ఏమీ చెప్పకుండా వచ్చి వరసలో నిలబడ్డారు.

మూడుంపావు బస్సుకి డ్రైవర్ లేడు. నేను తీస్తా, ముందు నువ్వు సంతకం పెట్టు అని సినా పెన్ను ఆయన చేతిలో పెట్టింది. అంకుల్ కాగితం మీదికి వంగారు. తెల్లటి కాగితం, పైన ట్యూబ్‌లైటు, గీత ఎక్కడుందో దొరకలేదు. అలవాటు కొద్దీ కళ్ళజోడు కోసం జేబు తడుముకోబోయి, చెయ్యి ఆపేశారు.

"నాకు కనపడట్లేదు," అన్నారు. "ఎక్కడ పెట్టాలి?"

సినా ఆయన వేలు పట్టుకుని గీత మీద ఆనించింది.