రెండో సంచి మన్ను

మా మేనత్తది బిజినేపల్లి దగ్గర ఊరు. అరెకరంల పుంటికూర, పాలకూర వేసి నాగర్‌కర్నూల్ అంగడిల అమ్ముతది. పిడికెడు ఎక్కువనే వేస్తది, ఒక్కసారి కొన్నోళ్లు మళ్ల ఆమె గంప కాడికే వస్తరు. నేను హైదరాబాద్‌ల పెరిగినదాన్ని. నాకు కూరంటే కవర్ల వచ్చేది.

పోయినేడు వానల ముంగట పోతే, చేను పక్కన కొత్తగ రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు పలగ్గొట్టి సీసం కరిగిస్తుండ్రు. ఆకుల మీద మసి. నాకు తిక్క రేగింది. ఫోన్ల లైవ్ పెట్టి షెడ్డు గేటు కాడ గొంతు చించుకున్న. అత్త వచ్చి జబ్బ పట్టి గుంజుకొచ్చింది.

"ఒర్లితే మన్ను మంచిగైతదా పిల్లా? ముందు అండ్ల ఏమున్నదో చూపియ్యి."

నా దోస్తు ఒకామె సిటీల ల్యాబ్‌ల పనిచేస్తది. మన్ను తెమ్మన్నది. నేను గట్టు మీద కూసోని ఫోన్ చూస్కుంటున్న, అత్తనే సంచి నింపి మూతి కట్టిచ్చింది. పది రోజులకు కాయితం వచ్చింది. భయం లేదట! ఫ్యామిలీ గ్రూపుల పెట్టేసిన. అందరు చప్పట్ల బొమ్మలు.

అత్తకు ఫోన్ చేసి చెప్పిన.

"అది షెడ్డు పక్క మన్ను గాదు బిడ్డా. ఎండకాలం పై మడిల చెరువు మన్ను తోలిచ్చిన గదా, అదిచ్చిన. పట్నం పోయే మన్నాయె, మంచిది పంపద్దా?"

చూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు మన్నును పంపింది! నేను నెత్తి కొట్టుకున్న. "కాయితం మంచిగొచ్చింది గదా, ఇగ ఊకో అత్తా" అన్న. ఆ మాట ఇప్పుడు తల్సుకుంటే సిగ్గైతది.

"కాయితం చూసి కొంటరా నా కూర? నన్ను చూసి కొంటరు. మళ్ల రా."

ఈసారి షెడ్డు పక్కన మన్ను తవ్వినం, ఆకు గూడ తెంపినం. రెండిట్ల సీసం మస్తున్నది. కడిగినా మొత్తం పోదన్నది దోస్తు. అత్త కొంగు నడుముకు చెక్కి మడిల దిగింది. పీకిన కూర మేకలకు గూడ వెయ్యనియ్యలే. ఫిర్యాదు పెడితే షెడ్డు బందైంది గని, మన్నుల కలిసింది యాడికి పోతది?

అంగడి రోజు ఉత్త గంప ఎత్తుకున్నది.

"కొనేటోళ్లకు ఫోన్ల చెప్పొచ్చు గదత్తా?"

"వాళ్ల నంబర్లు నాకేడియి?"

ఎప్పటి జాగలనే కూసోని, వచ్చినోళ్లకు వచ్చినట్టు చెప్పింది. టిఫిన్ల బండి నడిపే ఒకామె గయ్యిమన్నది. "మరి ఇన్నొద్దులు మాకు తినిపిస్తివి గదా!"

"తినిపిస్తి. నేను గూడ తింటి. పిల్లల్ని దవాఖానకు తీస్కపోయి రక్తం చూపియ్యమ్మా."

ఆమె మొఖం తిప్పుకొని పోయింది. నేను లేవబోతే అత్త నా చున్నీ పట్టి కూసోపెట్టింది. "పిల్లలున్న మనిషి, భయపడదా?" తప్పు లేనోళ్లమే గదా, ఎందుకు మాటలు పడాలె అనుకుంట నేను ఉడుకుతున్న. అత్త మాత్రం సాయంత్రం దాక అన్నీ పడ్డది.

ఆ మడిల బంతి వేసింది. దసరాకు గంప నిండ దండలు. టిఫిన్లామె వచ్చి నిలబడ్డది.

"వీటిల గూడ సీసమున్నదా?"

"ఉండొచ్చు. దర్వాజకు కట్టుకో. వాడినంక మేకలకు మాత్రం వెయ్యకు."

ఆమె నవ్వలే. రెండు మూరలు కొలువమన్నది. అత్త కొలిచి, ఎప్పటి లెక్కనే జానెడు ఎక్కువ ఇడిసింది.